అదను తప్పితే: పేగుల్లోని బ్యాక్టీరియా, ఎదిగే మెదడు

2004లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో నోబుయుకి సుడో బృందం చిట్టెలుకలను ఒక్కొక్కటిగా ఇరుకైన గొట్టంలో పెట్టి, గంటసేపు కదలకుండా ఉంచింది. ఎలుకకు అది పెద్ద టెన్షన్. ఆ తర్వాత వాటి రక్తంలో ఒత్తిడి హార్మోన్లు ఎంత పెరిగాయో కొలిచారు. వాటిలో కొన్ని మామూలు ఎలుకలు. మిగతావి పుట్టినప్పటి నుంచీ ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెరిగినవి. గొట్టం ఒకటే, సమయం ఒకటే. అయినా సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో హార్మోన్లు మామూలు వాటి కంటే చాలా ఎక్కువగా పెరిగాయి.

అంతటితో ఆగిపోతే అది ఒక వింత వార్తగా మిగిలేది. ఆ బృందం ఇంకో అడుగు వేసింది. సూక్ష్మజీవులు లేని ఎలుకలకు బైఫిడోబ్యాక్టీరియం ఇన్ఫాంటిస్ అనే ఒకే ఒక్క రకం బ్యాక్టీరియాను ఎక్కించింది. పసిపిల్లల పేగుల్లో ఎక్కువగా కనిపించే రకం అది. దాంతో ఆ ఎలుకల్లో ఒత్తిడి స్పందన మామూలు స్థాయికి దిగింది. మరికొన్నింటికి మామూలు ఎలుకల మలం నుంచి తీసిన బ్యాక్టీరియా మొత్తాన్ని ఇచ్చారు. చిన్న వయసులో ఇచ్చిన ఎలుకల్లో పరిస్థితి కొంతవరకు సర్దుకుంది. పెద్దయ్యాక ఇస్తే ఏ మార్పూ రాలేదు. అవే బ్యాక్టీరియా, అదే పేగు, కానీ అదను తప్పింది.

విత్తనం మంచిదైతే సరిపోదు, అదనులో పడాలని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పేగుకూ మెదడుకూ ఉన్న సంబంధం గురించి గత ఇరవై ఏళ్లలో తేలినదాంట్లో అన్నిటికంటే గట్టి విషయం ఇదే. పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉందన్నది ఎంత ముఖ్యమో, అది ఎప్పుడు ఉందన్నది అంతకంటే ముఖ్యం. మంచి బ్యాక్టీరియా అంటూ అమ్మే ప్రోబయోటిక్ డబ్బాల మీద మాత్రం బ్యాక్టీరియా పేరు ఉంటుంది, అదను గురించి ఒక్క ముక్క ఉండదు.

సూక్ష్మజీవులు లేని ఎలుకను ఎలా పెంచుతారో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ శాస్త్రంలో సగం దాని మీదే నిలబడింది. మొదటి తరం పిల్లలను తల్లి కడుపు కోసి తీసి, క్రిమిసంహారక ద్రావణం గుండా దాటించి, మూసి ఉన్న ప్లాస్టిక్ గూటిలోకి చేరుస్తారు. లోపలికి వెళ్లే గాలిని వడకడతారు. మేతను, నీటిని వేడి ఆవిరితో శుద్ధి చేస్తారు. గూటి గోడకే అతికి ఉన్న పొడవాటి గ్లవ్స్‌లోకి చేతులు దూర్చి తప్ప ఆ ఎలుకలను ఎవరూ తాకరు. బ్యాక్టీరియా తయారుచేసే విటమిన్ కె వీటికి దొరకదు కాబట్టి దాన్ని మేతలో కలిపి ఇవ్వాలి. లోపల పెద్దపేగు మొదట్లో ఉండే సంచి లాంటి భాగం, అంటే సీకమ్, మామూలు ఎలుకల్లో కంటే ఎన్నో రెట్లు ఉబ్బిపోతుంది. సూక్ష్మజీవులు లేకుండా జంతువు బతకడమే అసాధ్యమని 1885లో లూయీ పాశ్చర్ అనుకున్నాడు. పదేళ్లు తిరిగేసరికి బెర్లిన్‌లో నట్టాల్, థియర్‌ఫెల్డర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక గినీపందిని అలా కొద్దిరోజులు పెంచి చూపించారు. బతకడమైతే బతుకుతుంది. కానీ ఎలా ఎదుగుతుందన్నది వేరే ప్రశ్న.

2011లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ ఈ ప్రశ్ననే తీసుకుంది. అక్కడ సూక్ష్మజీవులు లేని ఎలుకలు మామూలు వాటి కంటే ఎక్కువగా తిరిగాయి. వెలుతురులోకి, ఎత్తైన ఖాళీ చోట్లకు జంకు లేకుండా వెళ్లాయి. మామూలు ఎలుక ఇలాంటి చోట్లకు వెళ్లడానికి వెనకాడుతుంది. ఇక్కడ చదివేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. జపాన్ ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్ ఎక్కువ, స్వీడన్ ఎలుకల్లో భయం తక్కువ. రెండూ ఎలా కుదురుతాయి? ఆ రెండు ప్రయోగాల్లో వాడిన ఎలుకల జాతులు వేరు, కొలిచిన విషయాలూ వేరు. హార్మోన్ స్పందన ఒక సంగతి, ప్రవర్తన మరో సంగతి. కాబట్టి 'బ్యాక్టీరియా ఉంటే ఆందోళన తగ్గుతుంది' అని ఒక్క వాక్యంలో తేల్చేసే కథనాలను నమ్మకూడదు. అయితే ఒక్క విషయంలో మాత్రం రెండు ప్రయోగాలూ కలిశాయి. స్వీడన్‌లో కూడా బ్యాక్టీరియాను చిన్నప్పుడే ఎక్కించిన ఎలుకలు మామూలుగా ప్రవర్తించాయి, పెద్దయ్యాక ఎక్కించినవి మారలేదు.

పేగులో ఉన్న జీవి పుర్రెలో ఉన్న మెదడును ఎలా తాకుతుంది? దారి ఒక్కటి కాదు. 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఒక లెక్క వేశారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియా మొత్తం బరువు 200 గ్రాములే. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే ఉంటాయి. మనకు అరగని పీచును అవి పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న ఫ్యాటీ ఆసిడ్లను తయారుచేస్తాయి. ఇవి రక్తంలో కలుస్తాయి. ఇది ఒక దారి. రెండోది రోగనిరోధక వ్యవస్థ. మన రక్షణ కణాల్లో పెద్ద వంతు పేగు గోడలోనే కాపు కాస్తుంటాయి. అక్కడ అవి నేర్చుకున్నదాని ప్రభావం ఒళ్లంతా ఉంటుంది. మూడోది వాగస్ నాడి. మెదడు నుంచి కడుపులోకి దిగే ఈ నాడిలో దాదాపు 80 శాతం పోగులు మోసేది కింది నుంచి పైకి వెళ్లే కబుర్లనే. మెదడు పేగుకు చెప్పేదాని కంటే పేగు మెదడుకు చెప్పేదే ఎక్కువన్నమాట.

ఇక పేగుకు సొంత నాడీ వ్యవస్థ కూడా ఉంది. గొంతు కింద నుంచి మలద్వారం దాకా జీర్ణనాళపు గోడ పొరల మధ్య 10 కోట్లకు పైగా న్యూరాన్లు వల అల్లినట్టు పరుచుకుని ఉంటాయి. పిండంలో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు, మెదడు కాండానికి దగ్గరలో పుట్టిన కణాలు పేగు పొడవునా పాకుతూ కిందికి వచ్చి ఈ వలను అల్లుతాయి. అప్పటికి పేగులో బ్యాక్టీరియా లేవు. అల్లిక పూర్తయినా పని మిగిలే ఉంటుంది. పుట్టాక బ్యాక్టీరియా చేరితేనే ఆ వల ముదురుతుంది. పుట్టిన మూడో రోజుకే, సూక్ష్మజీవులు లేని ఎలుకపిల్లల చిన్నపేగులో నాడుల అల్లిక తేడాగా, పలచగా కనిపించింది. పేగు కదలికలూ మందంగా ఉన్నాయి. ఎదిగిన ఎలుకలకు బ్యాక్టీరియా ఇస్తే పేగు గోడలో సెరటోనిన్ విడుదలై, దాని ద్వారా ఆ నాడులు ముదరడం 2018లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బృందం చూసింది.

సెరటోనిన్ మాట వచ్చింది కాబట్టి, తరచుగా కనిపించే ఒక పొరపాటును ఇక్కడే సరిచేయాలి. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగులోనే తయారవుతుందన్న మాట నిజం. బీజాలు కట్టే కొన్ని రకాల పేగు బ్యాక్టీరియా దాని తయారీని పెంచుతాయని 2015లో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో ఎలేన్ షావో బృందం చూపించింది. కానీ ఆ సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది. 'సంతోషం కలిగించే హార్మోన్ పేగులో పుడుతుంది కాబట్టి మంచి బ్యాక్టీరియా ఉంటే మనసు బాగుంటుంది' అనే వాదనకు మధ్యలోనే వంతెన తెగిపోయింది. పేగులోని సెరటోనిన్ పేగు కదలికలను, పేగు నాడులను నడుపుతుంది, వాగస్ కొసలను కదిలిస్తుంది. అది తక్కువ పనేమీ కాదు.

మళ్లీ అదను దగ్గరికి వద్దాం. ఆ అదను ఎప్పుడు మొదలవుతుంది? పుట్టిన రోజున అనుకుంటే పొరపాటు. మావిలో (ప్లాసెంటా) కూడా బ్యాక్టీరియా ఉంటాయని కొన్నేళ్ల పాటు గట్టి వాదన నడిచింది. వాటిలో చాలావరకు పరీక్ష సామగ్రి నుంచి, ప్రసవ సమయంలో అంటినవేనని 2019లో బ్రిటన్‌లో వందల మావిలను పరిశీలించినప్పుడు తేలింది. గర్భంలోని బిడ్డకు సొంత బ్యాక్టీరియా లేవన్నదే ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అయితే తల్లికి ఉన్నాయి. ఆమె పేగుల్లోని బ్యాక్టీరియా తయారుచేసిన చిన్న అణువులు ఆమె రక్తంలోకి, అక్కడి నుంచి మావి దాటి బిడ్డలోకి చేరతాయి.

2020లో ఎలేన్ షావో బృందమే, ఈసారి లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో, ఈ సంగతిని చిట్టెలుకల్లో పట్టి చూపించింది. గర్భంతో ఉన్న ఎలుకల పేగుల్లో బ్యాక్టీరియాను తుడిచిపెట్టారు. పిండాల మెదడులో థాలమస్ నుంచి పై పొర అయిన కార్టెక్స్‌కు వెళ్లే నాడీ తంతువులు తగ్గాయి. చర్మం నుంచి, ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారం పైకి చేరే దారి అది. ఆ పిల్లలు పెద్దయ్యాక చూస్తే రెండు పరీక్షల్లో స్పర్శ స్పందనలో తేడా కనబడింది. మిగతా చాలా పరీక్షల్లో ఏ తేడా లేదు. ఆ తర్వాత చేసిన పని ఈ అధ్యయనానికి ప్రాణం. బ్యాక్టీరియాను తిరిగి ఇవ్వకుండా, అవి తయారుచేసే కొన్ని అణువులను మాత్రం తల్లి ఎలుకలకు ఇచ్చారు. పిండాల్లో ఆ తంతువులు సరిగ్గా ఎదిగాయి. అంటే బిడ్డ దాకా చేరాల్సింది బ్యాక్టీరియా కాదు, అది తయారుచేసిన సరుకు.

పుట్టాక సంగతి వేరు. ఇక సొంత బ్యాక్టీరియా రావాలి, అవి నిలవాలి. చనుబాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒక రకం చక్కెర గొలుసులు. వీటిని హ్యూమన్ మిల్క్ ఆలిగోశాకరైడ్లు అంటారు. విచిత్రమేమిటంటే బిడ్డ వీటిని అరిగించుకోలేదు. అరిగించే ఎంజైమ్‌లే బిడ్డకు లేవు. అవి చెక్కుచెదరకుండా పెద్దపేగుకు చేరతాయి. అక్కడ వాటిని తినడానికి కావలసిన ఎంజైమ్‌లన్నీ దగ్గర పెట్టుకుని కూర్చున్న జీవి బైఫిడోబ్యాక్టీరియం ఇన్ఫాంటిస్. సుడో ఎలుకల్లో ఒత్తిడిని దించినది ఇదే రకం. తల్లి ఒళ్లు ఎంతో శక్తి ఖర్చుపెట్టి, బిడ్డకు అరగని ఆహారాన్ని పాలలో కలిపి పంపుతోంది. ఆ వంట బిడ్డకు కాదు, బిడ్డ పేగులోకి రావలసిన అతిథికి. ఈ ఒక్క ఏర్పాటు చూస్తే చాలు, ఆ అతిథి అక్కడ ఉండడం ఎంత అవసరమో అర్థమవుతుంది.

పేగుల్లో బ్యాక్టీరియా సముదాయం పెద్దవాళ్లలా కుదురుకోవడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. మెదడు రెండేళ్లకే పెద్దవాళ్ల పరిమాణంలో సుమారు 80 శాతానికి చేరుతుంది. న్యూరాన్ల మధ్య కొత్త సంధులు ఏర్పడటం, అక్కర్లేనివి కత్తిరించుకుపోవడం కూడా ఆ ఏళ్లలోనే ముమ్మరంగా సాగుతుంది. రెండు నిర్మాణాలూ పక్కపక్కనే, ఒకే కాలంలో లేస్తున్నాయి.

అన్ని తలుపులూ చిన్నప్పుడే మూసుకుపోతాయని మాత్రం అనుకోకూడదు. మెదడులోని సంధులను కత్తిరించే పని, శుభ్రం చేసే పని మైక్రోగ్లియా అనే కణాలది. సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో ఇవి పచ్చిగా, ఎదగకుండా ఉండిపోయాయని, ఇన్ఫెక్షన్ వస్తే సరిగ్గా స్పందించలేదని 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ బృందం చూపించింది. నీళ్లలో ఆ చిన్న ఫ్యాటీ ఆసిడ్లను కలిపి నాలుగు వారాలు తాగిస్తే ఆ కణాలు చాలావరకు తేరుకున్నాయి. తిరగేసి చూస్తే, ఎదిగిన మామూలు ఎలుకలకు యాంటీబయాటిక్స్ ఇచ్చి బ్యాక్టీరియాను తగ్గించినా మైక్రోగ్లియా మళ్లీ పచ్చిబారాయి. రక్తంలోని అనవసర పదార్థాలు మెదడులోకి రాకుండా ఆపే కట్టడి, బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ కూడా అంతే. 2014లో కరోలిన్‌స్కా నుంచే వచ్చిన మరో అధ్యయనంలో ఈ కట్టడి సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో పిండ దశ నుంచే కారుతోంది. అయినా ఎదిగాక బ్యాక్టీరియా ఇచ్చినా, ఒక్క బ్యుటిరేట్ ఇచ్చినా అది బిగుసుకుంది. ఒత్తిడి స్పందన లాంటివి ఒకసారి గట్టిపడ్డాక మారవు. మైక్రోగ్లియా, ఈ కట్టడి లాంటివాటికి జీవితమంతా మేపు కావాలి. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం తీరుతుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా చాలావరకు ఎలుకల కథ. మనుషుల దగ్గరికి వచ్చేసరికి అడుగు నెమ్మదిగా వేయాలి.

2018లో అమెరికాలోని నార్త్ కరోలినాలో 89 మంది పిల్లల మలాన్ని ఏడాది వయసులో పరీక్షించి, వాళ్లకు రెండేళ్లు వచ్చాక ఆలోచన, భాష లాంటి సామర్థ్యాలను కొలిచారు. బ్యాక్టీరాయిడిస్ అనే రకం ఎక్కువగా ఉన్న పిల్లలకు మంచి స్కోర్లు వచ్చాయి. ఎవరూ ఊహించనిది మరొకటి తేలింది. ఎన్ని ఎక్కువ రకాల బ్యాక్టీరియా ఉంటే అంత మంచిదని పెద్దవాళ్ల విషయంలో అంటారు. ఈ పిల్లల్లో రకాలు ఎక్కువ ఉన్నవారికి స్కోరు తక్కువ వచ్చింది. పసి పేగు పెద్దవాళ్ల పేగుకు చిన్న నమూనా కాదు, దానికి దాని లెక్క ఉంది. 89 మంది అంటే చిన్న సంఖ్య, పైగా ఇది సంబంధం మాత్రమే, కారణం కాదు. అయినా పెద్దల లెక్కను పిల్లలకు అతికించకూడదని చెప్పడానికి ఇది చాలు.

సిజేరియన్ గురించి తల్లులను భయపెట్టే రాతలు చాలా వచ్చాయి. వాటి మీద కోపం రాకమానదు. బ్రిటన్‌లో దాదాపు 600 మంది శిశువులను పరిశీలించిన 2019 అధ్యయనంలో, సిజేరియన్‌తో పుట్టిన వారి పేగుల్లో మొదట్లో బ్యాక్టీరాయిడిస్ తక్కువగా, ఆసుపత్రి వాతావరణంలో తిరిగే రకాలు ఎక్కువగా కనిపించిన మాట నిజం. అంత మాత్రాన మెదడుకు దెబ్బ తగిలిందని కాదు. స్వీడన్‌లో దాదాపు 27 లక్షల మంది పిల్లల రికార్డులను చూసినప్పుడు, సిజేరియన్‌తో పుట్టినవారిలో ఆటిజం కాస్త ఎక్కువగా కనిపించింది. కానీ ఒకే తల్లికి ఒకరు సిజేరియన్‌తో, ఒకరు నార్మల్‌గా పుట్టిన తోబుట్టువులను పోల్చేసరికి ఆ తేడా మాయమైంది. కాన్పు తీరు కారణం కాదు, ఆ కుటుంబంలో ఉన్న వేరే అంశాలు కారణం. ప్రాణం నిలబెట్టిన ఆపరేషన్‌ను తలుచుకుని ఏ తల్లీ కుమిలిపోనక్కర్లేదు.

ఆటిజం, పేగు బ్యాక్టీరియా సంబంధం కూడా ఇలాగే తలకిందులైంది. ఆటిజం ఉన్న పిల్లల్లో బ్యాక్టీరియా వేరుగా ఉంటుందని ఎన్నో చిన్న అధ్యయనాలు చెప్పాయి. 2021లో ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లలను పరిశీలించినవారు వాళ్లు ఏం తింటున్నారో కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది కొన్ని రకాల తిండినే ఇష్టపడతారు. తిండిలో వైవిధ్యం తగ్గితే బ్యాక్టీరియాలోనూ తగ్గుతుంది. బాణం గుర్తు పేగు నుంచి మెదడుకు కాకుండా, మెదడు నుంచి కంచానికి, కంచం నుంచి పేగుకు తిరిగింది.

ప్రోబయోటిక్ విషయంలో ఒక్క ఉదాహరణ చాలు. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జేబీ-1 అనే రకం ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్‌ను తగ్గించిందని, వాగస్ నాడిని కత్తిరిస్తే ఆ ప్రభావం పోయిందని 2011లో తేలింది. అందమైన ప్రయోగం అది. అదే రకాన్ని ఆరోగ్యంగా ఉన్న మగవారికి ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మందు కంటే ఏమాత్రం మెరుగ్గా పనిచేయలేదు. ఆ ఫలితాన్ని దాచకుండా 2017లో ప్రచురించినవారిని మెచ్చుకోవాలి.

మరి మనుషుల్లో గట్టి ఆధారమే లేదా? పెద్దవాళ్లలో ఒకటి ఎప్పటి నుంచో ఉంది. లివర్ పూర్తిగా దెబ్బతిన్నవారికి తికమక, మగత, ఒక్కోసారి కోమా వస్తాయి. దీనికి పెద్ద కారణం పేగు బ్యాక్టీరియా తయారుచేసే అమోనియా. లివర్ దాన్ని వడకట్టలేక మెదడుకు వదిలేస్తుంది. దీనికి డాక్టర్లు ఇచ్చే లాక్టులోజ్, రిఫాక్సిమిన్ రెండూ పనిచేసేది పేగులోనే, తేరుకునేది మెదడు. పిల్లల్లో ఆశ పుట్టించే ఆధారం ఢాకాలోని మీర్పూర్ నుంచి వచ్చింది. పోషకాహార లోపం ఉన్న పిల్లల పేగు బ్యాక్టీరియా వాళ్ల వయసుకు తగ్గట్టు ఎదగదని అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ గోర్డన్ బృందం, బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు కలిసి ముందే గుర్తించారు. ఆ బ్యాక్టీరియాను ఎదిగించేలా శనగలు, సోయా, వేరుశనగ, పచ్చి అరటితో ఒక ఆహారం తయారుచేసి, ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకు మూడు నెలలు పెట్టారు. అప్పటికే వాడుకలో ఉన్న పోషకాహారం కంటే ఇందులో కేలరీలు తక్కువ. అయినా పిల్లలు బరువులో మెరుగ్గా పుంజుకున్నారు. రక్తంలో ఎముకల ఎదుగుదలకు, మెదడు ఎదుగుదలకు సంబంధించిన ప్రోటీన్లు పెరిగాయి. 2021లో ఈ ఫలితాలు వచ్చాయి. రక్తంలో ప్రోటీన్ పెరగడం, బిడ్డ చురుగ్గా మాటలు నేర్వడం ఒకటి కాదు. కానీ తిండి, బ్యాక్టీరియా, ఎదుగుదల ఒకే గొలుసులో మనుషుల పిల్లల్లోనే కనబడటం చిన్న విషయం కాదు.

ఈ జ్ఞానం ఇప్పుడే అక్కరకొచ్చే చోటు ఒకటుంది, అది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలుండే వార్డు. కిలో బరువు కూడా లేని ఆ బిడ్డల పేగు ఇంకా పచ్చిది. ఇన్ఫెక్షన్ భయంతో యాంటీబయాటిక్స్ తప్పవు, ప్రాణం కాపాడాలంటే ఇవ్వాల్సిందే. పేగు పుండు పడి కుళ్లిపోయే నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అనే జబ్బు వీళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది. దాన్నుంచి బయటపడినవారిలో నడక, మాట, చదువు ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువ. ప్రోబయోటిక్స్ దీన్ని తగ్గిస్తాయని చాలా పరీక్షలు చూపించినా, ఇచ్చిన బ్యాక్టీరియానే రక్తంలోకి చేరి ఒక బిడ్డ చనిపోవడంతో 2023లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక చేసింది. ఏ వివాదమూ లేనిది తల్లిపాల సంగతి ఒక్కటే. పాలు చీకే బలం కూడా లేని ఆ బిడ్డకు, తల్లి పిండి ఇచ్చిన పాలను నర్సు సన్నని గొట్టం ద్వారా ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున కడుపులోకి వదులుతుంది. అంత కొంచెం పాలలోనూ బిడ్డకు అరగని ఆ చక్కెర గొలుసులు ఉంటాయి.